నెల్లూరు తీరంలో చేపలు, పక్షుల ఆవాసాలు కాపాడే ప్రభుత్వ బయాలజిస్టు అసలు చేసే పని ఏమిటి?

మీరు అడిగింది ఇదీ: జువాలజీలో ఎమ్మెస్సీ అయిపోవస్తోంది, నెల్లూరు, ఒంగోలు వైపే ఉండి చేపలు, పక్షులు, తాబేళ్లు బతికే చోట్లను కాపాడే ప్రభుత్వ ఉద్యోగం చేయాలనుంది, ఆ ఉద్యోగి రోజూ చేసే పని ఏమిటి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి, ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి. ఉద్యోగం ఎలా వస్తుందన్న సంగతి తొందరగా ముగించి, పని దగ్గరే ఎక్కువసేపు ఉంటాను. పరీక్షల సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది, పని సంగతి దొరకదు.

మత్స్యశాఖ పోస్టుల్లో బి.ఎఫ్.ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) చదివినవాళ్లది పైచేయి. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది, ఈ జిల్లాల్లో ఆ శాఖలో చాలామంది అక్కడినుంచి వచ్చినవాళ్లే. జువాలజీ వాళ్లకు సూటి దారి అటవీశాఖ: ఏపీపీఎస్సీ ద్వారా ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, యూపీఎస్సీ ద్వారా ఐఎఫ్ఎస్ (భారత అటవీ సర్వీసు). రెండింటికీ నడక పరీక్ష ఉంటుంది, 4 గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు రేంజ్ ఆఫీసర్ పోస్టుకు 16, ఐఎఫ్ఎస్‌కు 14 కిలోమీటర్లు. రాతపరీక్ష దాటి ఇక్కడ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, కాబట్టి ఆరు నెలల ముందే నడక మొదలుపెట్టండి. ‘బయాలజిస్టు’ అనే పేరుతోనే ఉండే పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువి. మార్కాపురం వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో అలాంటివి పడుతుంటాయి. జీతం తక్కువే గానీ రెండేళ్లు చేస్తే పని చేతికొస్తుంది. వదులుకోవద్దు.

ఇక పని. వన్యప్రాణి రక్షణ అనగానే చాలామందికి వేటగాళ్లను పట్టుకోవడం, గాయపడ్డ పక్షికి కట్టు కట్టడం గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ ఈ తీరంలో చేపకైనా పక్షికైనా ఇల్లంటే నీళ్లే. ఏ తేదీకి ఎంత లోతు, ఎంత ఉప్పు, ఎంత ప్రాణవాయువు అన్న అంకెలు చేతిలో లేని బయాలజిస్టు మాట ఏ సమావేశంలోనూ నిలబడదు. ఇరిగేషన్ ఇంజనీరు దగ్గర అడుగులూ క్యూసెక్కులూ ఉంటాయి. రైతు దగ్గర ఎకరాలుంటాయి. రొయ్యల గుంటల యజమాని దగ్గర టన్నులుంటాయి. మన దగ్గర ‘పక్షులకు ఇబ్బంది’ అనే మాట ఒక్కటే ఉంటే పక్షులే నష్టపోతాయి.

నేలపట్టు చూడండి. 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, పాత నెల్లూరు జిల్లావాళ్లకు అది ఇప్పటికీ మన నేలపట్టే. 1976లో ప్రకటించిన పక్షుల కేంద్రం, విస్తీర్ణం నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. చెరువు నీళ్లలో నిలబడి బతికే ‘కడప’ అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. మనకు వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. చెరువు నిండాకే గూళ్లు. చెట్టు కింద నీళ్లున్నంతకాలం నక్క, కుక్క, అడవిపిల్లి గూటి దాకా రాలేవు, నీళ్లే కోట చుట్టూ కందకం. మార్చిలో నీళ్లు తగ్గి చెట్టు మొదలు తేలిందంటే, కిందపడ్డ పిల్ల ఆ రాత్రే పోతుంది.

అందుకే వెనక నుంచి ముందుకు లెక్క కట్టాలి. గూడబాతు గుడ్డు పొదగడానికి నెల, పిల్లకు రెక్కలొచ్చి ఎగరడానికి మరో మూడు నెలల పైన పడుతుంది. డిసెంబరు నడుమ గుడ్లు పెడితే ఏప్రిల్ నడిమి దాకా కందకం ఉండాలి. ఏప్రిల్ 15న చెట్ల కింద 60 సెంటీమీటర్లు కావాలని పెట్టుకుందాం. జనవరి 15 నుంచి అప్పటికి 90 రోజులు. ఆవిరి సగటున రోజుకు 5 మిల్లీమీటర్లనుకుంటే 45 సెంటీమీటర్లు పోతాయి. ఇంకుడు రోజుకు 2 మిల్లీమీటర్లయితే ఇంకో 18. అంటే జనవరి 15న 123 సెంటీమీటర్లు ఉండాలి, ఆ పైన ఉన్నవే తూము ద్వారా ఆయకట్టుకు వదలొచ్చు. ఇవి లెక్క చూపించడానికి వేసుకున్న అంకెలు. మీ చెరువు అంకెలు మీరే తేల్చాలి. వాన లేని పది రోజులు తూము మూయించి రోజూ ఉదయం ఒకే వేళకు గేజి (నీటి మట్టం చూపే కొలబద్ద) చూడండి. దగ్గరున్న వాతావరణ కేంద్రంలో పాన్ ఆవిరి అంకె (అక్కడి తొట్టెలో రోజుకు ఎంత నీరు ఆవిరైందో) తీసుకుని 0.7తో గుణిస్తే చెరువు ఆవిరి దాదాపుగా వస్తుంది. మొత్తం తగ్గుదలలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఇంకుడు.

ఇక్కడ పడే తప్పులు రెండు. గేజి మీద సున్నా అంటే చెట్ల కింద నేల మట్టం కాదు. తెప్ప మీద వెళ్లి కనీసం పది చెట్ల దగ్గర కర్రతో లోతు కొలిచి, గేజి చూపించే అంకెకూ దానికీ తేడా ఎంతో ఒకసారి రాసిపెట్టుకోవాలి. రెండోది, పూడిక తీసినప్పుడో గట్టు బాగుచేసినప్పుడో గేజి పీకేసి వేరే ఎత్తున పాతుతారు, అంతటితో పదేళ్ల రికార్డు పనికిరాకుండా పోతుంది. కలుజు (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) గోడ మీదో తూము రాతి మీదో చెరగని గుర్తు ఒకటి చెక్కించి, గేజి సున్నాకూ దానికీ ఎత్తు తేడా రాసి ఉంచితే ఆ బాధ ఉండదు. పూడిక తీయడమే తప్పని నేననను, తీయకపోతే చెరువే ఉండదు. చెట్ల మొదళ్ల దగ్గరికి యంత్రం రాకుండా ఎర్ర జెండాలు పాతి హద్దు గీయాలి, అంతే. కొత్త మొక్కలు నాటేటప్పుడు దిబ్బలు పోసి, మనిషి ఎత్తు దాటిన మొక్కనే ఎండాకాలం చివర్లో పెట్టాలి. చిన్న మొక్క మొదటి వానకే నిండా మునిగి కుళ్లిపోతుంది.

గూళ్లు లెక్కపెట్టడం వేరే విద్య. కొంతమంది ఉత్సాహంగా పడవేసుకుని చెట్టు కిందికే పోతారు. పెద్ద పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయి, ఎండకు గుడ్డు ఉడుకుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి. మంచె మీద నుంచి స్పాటింగ్ స్కోపుతో (దూరపు పక్షిని దగ్గరగా చూపే దుర్భిణితో) ఉదయం ఎండ ముదరకముందే ముగించాలి. చెట్టుకో నంబరు ఇచ్చి, ఒక్కో గూటికి దశ రాయాలి: పొదుగుతున్నది, ఈకలు లేని పిల్ల, తెల్లనూగు పిల్ల, ఈకలొచ్చిన పిల్ల. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, తేడా పదిశాతం దాటితే మళ్లీ మొదలుపెట్టాలి. ‘సుమారు వెయ్యి పక్షులు’ అన్న రిపోర్టు ఎందుకూ కొరగాదు. ‘ఫలానా తేదీన 312 గూళ్లు, అందులో 140లో నూగు పిల్లలు’ అంటేనే నీళ్లు ఇంకెన్నాళ్లు కావాలో ఇంజనీరుకు చెప్పగలం.

ఆయకట్టు రైతును ఎదుటిపక్షంగా చూడొద్దు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని నేలపట్టు, వెదురుపట్టు వైపు రైతులకు తెలుసు. నీటి సంఘం సమావేశానికి జనవరిలోనే వెళ్లి, ఏ వారం ఎంత వదలొచ్చో పట్టిక పెట్టండి. మార్చిలో, పైరు వాడుతున్నప్పుడు వెళ్లి తూము మూయమంటే ఎవరు ఒప్పుకుంటారు? చట్టం కూడా మీ చేతిలో ఉండాలి: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి వచ్చే నీటినైనా, బయటికి పోయే నీటినైనా మళ్లించాలన్నా, ఆపాలన్నా, పెంచాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. ఆ సెక్షన్‌ను జంతువులను చంపడం గురించి మాత్రమే అనుకునేవాళ్లు శాఖలోనే ఉన్నారు.

పులికాట్ కథ లోతు కాదు, ఉప్పు. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు. లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. కాళంగి, ఆరణి లాంటి ఏళ్ల మంచినీళ్లు ఒకవైపు, రాయదొరువు లాంటి మొగల గుండా సముద్రం ఇంకోవైపు. రొయ్య పిల్లలు, చేప పిల్లలు సముద్రం నుంచి మొగ దాటి లోపలికొచ్చి పెరిగి తిరిగి పోతాయి. మొగ ఇసుక మేటవేసి మూసుకుపోతే కొత్త పిల్ల రాదు, లోపల ఉన్న నీళ్లు ఎండకు మరిగి సముద్రం కన్నా ఉప్పవుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును అడ్డంగా కోస్తుంది గనుక, ఉత్తరపు వైపు వేసవిలో ఎండి పర్ర (ఉప్పునేల మైదానం) అయిపోవడం ముందే మొదలవుతుంది. గూడబాతులు నేలపట్టులో కాపురముండి మేతకు పులికాట్‌కు పోతాయి కాబట్టి, ఇక్కడ చేప తగ్గితే అక్కడ గూట్లో పిల్ల చిక్కిపోతుంది. రెండింటి రికార్డులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ చాలు. రోజూ మొదట డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా సరిచూడాలి, అద్దం మీద పాత ఉప్పు ఎండి ఉంటే రెండు మూడు అంకెలు తేడా చూపిస్తుంది. సముద్రం సుమారు 35, అంటే కిలో నీటికి 35 గ్రాములు. పైనీళ్లు, అడుగునీళ్లు విడిగా తీయాలి, వాన పడ్డాక మంచినీళ్లు పైన తేలుతాయి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు తేదీ రాసి పోటు, పాటు రాయకపోవడం. ఒకే చోట పోటులో 30, పాటులో 18 వచ్చిందంటే సరస్సు మారిపోలేదు, మీరు వెళ్లిన వేళ మారింది. మొగ వెడల్పు, లోతు నెలకోసారి కొలవండి. మొగ ఎప్పుడు పూడుతుందో, వలలో ఏ పిల్ల ఏ నెలలో మొదట కనబడుతుందో యానాది, పట్టపు మత్స్యకారులను అడిగి రాసుకోండి. ఆ జ్ఞానానికి పరికరమేదీ సాటిరాదు, రిపోర్టులో వాళ్లు చెప్పిందని రాయడం న్యాయం.

రొయ్యల గుంటల విషయంలో ఒక తీర్పు కంఠతా ఉండాలి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు కట్టకూడదంది, నేలపట్టు పక్షుల కేంద్రాన్నీ అందులో చేర్చింది. జీపీఎస్ పట్టుకుని సరస్సు అంచు నుంచి కొలిచేటప్పుడు ఎండాకాలపు అంచు తీసుకోవద్దు, నీళ్లు నిండినప్పటి అంచు తీసుకోవాలి. లేకపోతే వందల మీటర్లు చేతులారా వదులుకున్నట్టే.

ఇప్పుడు మీకు ఎక్కువగా వచ్చే ఫోను: ‘సార్, చేపలు చచ్చి తేలుతున్నాయి.’ తెల్లవారుజామున వస్తుంది, ఎందుకంటే నీళ్లలో ప్రాణవాయువు అప్పుడే అట్టడుగున ఉంటుంది. పగలు నాచు వదిలిన ప్రాణవాయువును రాత్రంతా అదే నాచు, చేపలు, అడుగు బురద పీల్చేస్తాయి. రెండు రోజులు మబ్బు పట్టి గాలి ఆగితే కథ ముగుస్తుంది. కానీ ప్రతి చావూ అదే కాదు. మీరు ఎంత త్వరగా వెళితే అంత నిజం దొరుకుతుంది, పదిగంటలకల్లా ఎండలో ప్రాణవాయువు మళ్లీ పెరిగి సాక్ష్యం చెరిగిపోతుంది.

దిగగానే చేపలను చూడండి. పెద్దవి ముందు చచ్చి, చిన్నవి నీటి పైన నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు కరువు. అన్ని సైజులూ, ముఖ్యంగా చిన్నవి, ఏ వేళలోనైనా ఒక్కసారి పోతే మందునో విషాన్నో అనుమానించాలి. మొప్పలెత్తి రంగు చూడండి: గోధుమరంగుకు తిరిగితే నైట్రైట్, చెర్రీపండులా మరీ ఎర్రగా మెరిస్తే సైనైడ్ వైపు చూడాలి. ఉబ్బి కళ్లు తెల్లబడ్డ చేప లెక్కకు పనికొస్తుంది, ల్యాబుకు కాదు. కొనఊపిరితో ఉన్నవి ఐదారు పట్టి, మొప్ప, కాలేయం ముక్కలు పది శాతం ఫార్మలిన్‌లో, కండకు పదింతల ద్రావణం ఉండేలా వేయాలి. ఫ్రీజర్‌లో పెట్టిన ముక్కల్లో కణాలు పగిలిపోతాయి, మైక్రోస్కోపు కింద ఏమీ కనబడదు. పురుగుమందు పరీక్షకు నీళ్లు గాజు సీసాలోనే తీసుకుని ఐసులో పెట్టాలి, ప్లాస్టిక్ సీసా మందును కొంత తానే పీల్చుకుంటుంది.

ప్రాణవాయువుకు మీటరు ఉన్నా, రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి చేతికి రావాలి, మీటరు చెడితే రోజు పోకూడదు. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను (గాలి చొరని మూత ఉండే ల్యాబు గాజు సీసా) నీళ్లలో ముంచి, బుడగ లేకుండా నింపి, మూత నీళ్లలోనే పెట్టాలి. తర్వాత పిపెట్ కొన నీటి లోపలికి దించి మాంగనీస్ సల్ఫేట్ 1 మిల్లీలీటరు, క్షార అయొడైడ్ 1 మిల్లీలీటరు వేసి మూతపెట్టి తలకిందులు చేస్తూ కలపండి. గోధుమరంగు మేఘం లాంటి మడ్డి దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు, అది ముదిరేకొద్దీ ఎక్కువ. పాల విరుగుడులా తెల్లగా దిగితే లేనట్టే. ఆ క్షణం అంకె రాకముందే జవాబు తెలిసిపోతుంది, పక్కనున్న మత్స్యకారుడికి కూడా. మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు వేస్తే కరిగి పసుపు తిరుగుతుంది. అందులో 200 మిల్లీలీటర్లు తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్ చుక్కలు చుక్కలుగా వదలాలి, లేత పసుపుకు వచ్చాక గంజి ద్రావణం వేస్తే నీలమవుతుంది, ఆ నీలం పోయేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అన్ని మిల్లీగ్రాములు లీటరుకు. మూడు కన్నా దిగితే చేపకు కష్టకాలం.

అమోనియా చూసేటప్పుడు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) రాయకుండా అంకె ఇవ్వొద్దు. 30 డిగ్రీల వేడిలో మొత్తం అమోనియాలో విషపు వాటా పీహెచ్ 7 దగ్గర ఒక శాతం లోపే, 8 దగ్గర ఏడు శాతం పైన, 9 దగ్గర 45 శాతం దాకా. నాచు ఎక్కువున్న చెరువులో మధ్యాహ్నం పీహెచ్ ఎక్కుతుంది గనుక, ఉదయం ప్రమాదం లేని నీళ్లే మధ్యాహ్నానికి చంపుతాయి.

కారణం పైనున్న కాలవలోంచి వచ్చిన ఫ్యాక్టరీ నీళ్లో, రొయ్యల గుంట వదిలిన నీళ్లో అని తేలితే, అక్కడ మీరు తీసిన సీసా ఒక్కదానితో కేసు నిలవదు. 1974 జల కాలుష్య చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి, యజమానికి తెలియజేసి, నమూనా రెండు భాగాలు చేసి సీలు వేసి తీసిందే చెల్లుతుంది. కాబట్టి మీరు బయలుదేరేటప్పుడే వాళ్లకు ఫోను చేయండి. మీ సీసాలు వాళ్లకు ఎక్కడ తీయాలో చెప్పడానికి, పైన, కలిసేచోట, కింద అని మూడు చోట్లవి. పైన తీసిన సీసా లేకపోతే కింద తీసిన వంద సీసాలూ వృథా. అయిదు హెక్టార్లు దాటిన రొయ్యల క్షేత్రానికి వ్యర్థజలాలు శుద్ధిచేసే ఏర్పాటు ఉండాలన్నది కూడా ఆ రోజే చూసి రాయండి, మర్నాటికి ఖాళీ గుంట ఒకటి ‘శుద్ధి చెరువు’ అయిపోతుంది.

మడ అడవుల గురించి క్లుప్తంగా. కండలేరు క్రీకు వైపు ఉప్పుటేళ్ల గట్లలో తెల్లమడ ఉంది. పునరుద్ధరణ పేరుతో పోటు నీళ్లు రాని ఎత్తు పర్ర మీద వేలాది మొక్కలు నాటితే మొదటి వేసవికే ఎండుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పనిచేసింది చేపముల్లు ఆకారపు కాలవల పద్ధతి: ఏటి నుంచి ఒక పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా పిల్లకాలవలు, గట్లు నిటారుగా కాక వాలుగా. పోటు వచ్చి పోవడం మొదలయ్యాకే మొక్క. మట్టం కొలవకుండా కాలవ తవ్వితే నీళ్లొచ్చి నిలిచిపోతాయి, ఉప్పు పేరుకుంటుంది, అది ఇంకా చేటు.

తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా. ఆలివ్ రిడ్లీ ఒక గుంటలో వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. హేచరీకి (గుడ్లను కాపాడి పొదిగించే కంచె లోపలి ఇసుకకు) మార్చాలంటే పెట్టిన ఆరు గంటల లోపలే, గుడ్డును దొర్లించకుండా. తర్వాత పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, తిప్పితే చచ్చిపోతుంది. ఇసుక వేడే ఆడా మగా తేలుస్తుంది: 29 డిగ్రీల దిగువన మగవి ఎక్కువ, 30 దాటితే ఆడవి ఎక్కువ. నీడ లేని హేచరీ అంటే వేలాది ఆడ పిల్లలే. కొబ్బరాకుల పందిరి సగానికే వేసి, గుంట లోతులో థర్మామీటర్ పెట్టండి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. వాటిని బుట్టలో మోసి సముద్రంలో వదలొద్దు, ఇసుక మీద నడవనివ్వాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి తాబేలుకూ డొప్ప పొడవు, చోటు, ఫొటో రాయాలి, వలలో చిక్కి ఊపిరాడక పోయినవి ఏ తీరానికి ఎక్కువ వస్తున్నాయో ఆ లెక్కే చూపిస్తుంది.

చివరగా మీరు ఇప్పుడు చేయగలిగేది. మీ ఇంటికి దగ్గరున్న ఒక్క చెరువు పట్టుకోండి. వారానికోసారి ఒకే రోజు, ఒకే వేళ: నీటి మట్టం, వేడి, 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు సెక్కీ పలక ఎంత లోతులో కనబడకుండా పోతోంది, ఎన్ని పక్షులు. పెన్సిలుతో రాయండి, ఇంకు తడికి కరిగిపోతుంది. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, అది 1987 నుంచి సాగుతోంది. నెల్లూరులో పాల్గొనే బృందాలతో కలిసి వెళ్లి గుంపులు లెక్కపెట్టడం నేర్చుకోండి: ముందు పది పక్షులు విడిగా, ఆ పది కంటికి ఎంత చోటు పట్టిందో చూసి పదులుగా, తర్వాత వందలుగా. ఏడాది నిండిన నోటుబుక్కు ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి, అందులో వానాకాలం ఒక్క వారం కూడా ఖాళీగా లేకుండా చూసుకోండి.